దేశాల హద్దులు దాటే సముదాయం కట్టడం ఎలా?

2010 జనవరి 12న హైతీలో పెద్ద భూకంపం వచ్చింది. రాజధాని పోర్టో ప్రిన్స్ చాలాభాగం కూలిపోయింది. సహాయక బృందాలు దిగేసరికి ఆ నగరపు వీధులన్నీ చూపించే మంచి పటం ఎవరి దగ్గరా లేదు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉచిత పటం మీద పనిచేసే స్వచ్ఛంద కార్యకర్తలు ఉపగ్రహ చిత్రాలు ముందు పెట్టుకుని రోడ్లు, కూలిన భవనాలు, గుడారాల శిబిరాలు గీయడం మొదలుపెట్టారు. కొన్ని రోజుల్లోనే ఆ పటం సహాయక బృందాల జీపీఎస్ పరికరాల్లోకి ఎక్కింది. గీసినవాళ్లలో చాలామంది హైతీని ఎన్నడూ చూడలేదు. ఒకరినొకరు చూసుకున్నవాళ్లూ తక్కువే.

ఆ వేగానికి కారణం ఆ రోజు కలిగిన జాలి ఒక్కటే అయితే, వారం తిరిగేసరికి అది చల్లారిపోయేది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ 2004లోనే మొదలైంది. రోడ్డును ఎలా గీయాలి, దేనికి ఏ గుర్తు పెట్టాలి, ఒకే వీధిని ఇద్దరు వేర్వేరుగా గీస్తే ఏం చేయాలి, సందేహం వస్తే ఎక్కడ అడగాలి అన్నవి అప్పటికే రాసిపెట్టుకున్నారు. అందుకే కొత్తవాళ్లు నేరుగా పనిలోకి దిగగలిగారు. ఆ అనుభవంలోంచే అదే ఏడాది హ్యుమానిటేరియన్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ టీమ్ అనే సంస్థ పుట్టింది.

ఇలాంటి సముదాయాన్ని కట్టాలనుకునేవాళ్లు ఒక విషయం మనసులో పెట్టుకోవాలి. దూరానికి ఖర్చుంటుంది. రాత్రి రెండింటికి మీటింగు కోసం లేవడం, పరాయి భాషలో మాట దొరక్క ఊరుకుండిపోవడం, వీసా రాక సమావేశానికి వెళ్లలేకపోవడం, అన్నీ ఆ ఖర్చులో భాగాలే. దాన్ని ఎవరూ మాయం చేయలేరు. ఎవరో ఒకరు భరించాల్సిందే. ఏ ఏర్పాటూ చేయకుండా వదిలేస్తే అది స్థాపకులకు దూరంగా ఉన్నవాళ్ల నెత్తిన పడుతుంది. వాళ్లు ఫిర్యాదు చేయరు, మెల్లగా రావడం మానేస్తారు. కింద చెప్పే ప్రతి అడుగులోనూ నేను అడిగే ప్రశ్న ఇదే: ఈ ఏర్పాటులో దూరం ఖర్చు ఎవరు భరిస్తున్నారు?

## మొదటి అడుగు: పనిని ఎంచుకోవడం

ఫలానా విషయం మీద ఆసక్తి ఉన్నవాళ్లందరినీ ఒకచోట చేరుద్దాం అని మొదలైన గుంపులు తొందరగా చప్పబడతాయి. కొత్తగా వచ్చినవాళ్లు పలకరించి, రెండు రోజులు చూసి, చేయడానికేమీ కనబడక నోటిఫికేషన్లు ఆపేసుకుంటారు. మనుషుల్ని పిలవడానికి ముందే వాళ్ల చేతికి ఇవ్వగల పని సిద్ధంగా ఉండాలి.

ఆ పని చిన్న ముక్కలుగా విడిపోవాలి. ముక్కు, ముఖం తెలియని మనిషి కూడా ఎవరి అనుమతీ లేకుండా గంటలో ఒక ముక్క పూర్తి చేయగలగాలి. చేసిన పని అందరికీ కనబడాలి, తప్పయితే సులువుగా వెనక్కి తిప్పగలగాలి. పటంలో ఒక వీధి, విజ్ఞాన సర్వస్వంలో ఒక వాక్యం, ప్రోగ్రాములో ఒక చిన్న దోషం, పక్షుల పరిశీలనలో ఒక ఉదయపు లెక్క, అన్నీ ఈ కొలతకు సరిపోతాయి. 1991 ఆగస్టు 25న లినస్ టోర్వాల్డ్స్ తాను రాస్తున్న, తర్వాత లినక్స్ అని పేరుపడిన ఆపరేటింగ్ సిస్టమ్ గురించి మినిక్స్ అనే సిస్టమ్ తోటి వాడుకదారులకు చెప్పినప్పుడు అప్పటికే కొంత పని చేసి ఉన్నాడు. అందులో ఏమేం ఉండాలనుకుంటున్నారో చెప్పమని అడిగాడు, వచ్చే నెలలోనే కోడ్ బయటపెట్టాడు. సగం అయిన పనిని చూస్తే చేయి వేయాలనిపిస్తుంది. ఖాళీ కాగితం చూపిస్తే చాలామంది సలహా చెప్పి వెళ్లిపోతారు.

ఇంకో పరీక్ష కూడా పెట్టుకోండి. ఈ పనిని ఒక్క దేశంలోనే చేస్తే ఏం నష్టం? దీనికి గట్టి సమాధానం లేకపోతే హద్దులు దాటే ప్రయత్నం ఇప్పుడే వద్దు. వలస పక్షులు, సముద్రాలు, అంటువ్యాధులు, అరుదైన జబ్బులతో బతికే కుటుంబాలు, పలు దేశాల్లో చెదిరిపోయిన భాషీయులు, అందరూ వాడుకునే సాఫ్ట్‌వేర్ లాంటి విషయాల్లో సమాధానం వెంటనే దొరుకుతుంది. అరుదైన జబ్బు ఒక దేశంలో పాతికమందికి మాత్రమే ఉండొచ్చు. వాళ్ల అనుభవాలన్నీ ఒకచోట చేరాలంటే హద్దు దాటక తప్పదు. అలాంటి అవసరం ఉన్నచోట సముదాయం కష్టకాలంలో కూడా నిలబడుతుంది.

## రెండో అడుగు: మొదటి ఇరవైమంది

మొదట చేరినవాళ్ల అలవాట్లే తర్వాత నియమాలవుతాయి. ఇరవైమందిలో పద్దెనిమిదిమంది ఒకే దేశం వాళ్లయితే వాళ్ల సాయంత్రమే మీటింగు సమయమవుతుంది, వాళ్ల సెలవులే సెలవులవుతాయి, వాళ్ల వాదనా పద్ధతే మర్యాద అనిపించుకుంటుంది. తర్వాత వెయ్యిమంది బయటివాళ్లు చేరినా వాళ్లు అతిథుల్లాగే ఉండిపోతారు. అందుకని పది నెలలు ఆలస్యమైనా పరవాలేదు గానీ, మొదటి ఇరవైమందిలో కనీసం నాలుగైదు దేశాలవాళ్లు ఉండేలా చూసుకోండి. ఏ దేశంవాళ్లూ సగానికి మించకుండా చూడండి. ఇందులో నేను ఎవరికీ సడలింపు ఇవ్వమని చెప్పను, ఎందుకంటే దీన్ని తర్వాత సరిదిద్దడం చాలా కష్టం.

ఈ సమతూకాన్ని పనిలోనే ఇమిడ్చిన సంస్థ ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్. 1961లో అది మొదలైనప్పుడు ప్రపంచం రెండు శిబిరాలుగా చీలి ఉంది. తమ అభిప్రాయాలవల్ల జైలుపాలైన ఖైదీల విడుదల కోసం ఉత్తరాలు రాసే ఒక్కో స్థానిక బృందం ముగ్గురు ఖైదీలను దత్తత తీసుకునేది: ఒకరు పాశ్చాత్య దేశాలనుంచి, ఒకరు కమ్యూనిస్టు దేశాలనుంచి, ఒకరు ఈ రెండింటికీ చెందని దేశాలనుంచి. ఏ ప్రభుత్వమైనా ఇది శత్రువుల పని అని కొట్టిపారేయడం దానివల్ల కష్టమైంది. సభ్యులు తమ సొంత దేశపు కేసుల మీద పనిచేయకూడదన్న నియమం కూడా ఉండేది. అది నిష్పాక్షికతనీ కాపాడింది, సభ్యులనీ కాపాడింది.

ఇరవైమందిని వెతకడానికి ప్రకటనలు అక్కర్లేదు. ఆ పని ఇప్పటికే చిన్నగా చేస్తున్న స్థానిక బృందాలు దాదాపు ప్రతి దేశంలోనూ ఉంటాయి. ముందు వాళ్ల దగ్గరికి అతిథిగా వెళ్లండి. వాళ్ల పనిలో నెలా రెండు నెలలు చేయి వేయండి. మా గొడుగు కిందికి రండి అన్న మాట మొదటి పరిచయంలో ఎత్తకండి. ఏళ్ల తరబడి కష్టపడినవాళ్లకు ఆ మాట ఆక్రమణలా వినిపిస్తుంది. మీరు వాళ్లకు ఏమివ్వగలరో చెప్పండి: పనిముట్లు, అనువాదం, సర్వర్ ఖర్చు, మిగతా దేశాలవాళ్లతో పరిచయం.

పేరు, గుర్తు కూడా ఈ దశలోనే వేర్వేరు దేశాలవాళ్లకు చూపించి ఖరారు చేయండి. రెడ్ క్రాస్ ఉద్యమం 1863లో జెనీవాలో మొదలైంది. తెల్లని గుడ్డ మీద ఎర్రని శిలువ గుర్తు పెట్టినవాళ్లు దాన్ని తటస్థమైనదిగానే భావించారు. 1876లో ఒట్టోమన్ సామ్రాజ్యం ఆ గుర్తు తమ సైనికులకు అభ్యంతరకరమని చెప్పి ఎర్రని నెలవంకను వాడింది. ఏ మతానికీ చెందని మూడో గుర్తు, ఎర్రని స్ఫటికం, ఒప్పందంలోకి రావడానికి 2005 దాకా పట్టింది.

## మూడో అడుగు: గడియారంతో రాజీ

కిరిబాటి దేశపు తూర్పు దీవుల్లో బుధవారం అర్ధరాత్రి దాటి అరగంట అయినప్పుడు అమెరికన్ సమోవాలో ఇంకా సోమవారం రాత్రి పదకొండున్నరే. రెండింటి మధ్య తేడా 25 గంటలు. అందరికీ అనుకూలమైన వేళ అనేది భూమి మీద లేదు. దాన్ని వెతకడం మానేసి, మీటింగు అవసరం లేకుండానే పని నడిచే పద్ధతి పెట్టుకోవాలి.

అంటే చర్చ, నిర్ణయం, కారణం మూడూ రాతలో ఉండాలి. ఉచిత సాఫ్ట్‌వేర్ తయారుచేసే అపాచీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్‌లో పాత ఆచారం ఒకటుంది: మెయిలింగ్ జాబితాలో, అంటే సభ్యులందరికీ చేరే ఈమెయిల్ చర్చలో, లేని నిర్ణయం నిర్ణయమే కాదు. నలుగురు ఎక్కడో కూర్చుని మాట్లాడుకున్నా సరే, ఆ మాటలు జాబితాలోకి వచ్చి, మిగతావాళ్లు చదివి అభిప్రాయం చెప్పేదాకా అవి ప్రతిపాదనలే. అక్కడ ఓటింగుకు కనీసం 72 గంటలు ఇస్తారు. ఏ దేశంలో ఉన్నా, ఎంత పని ఒత్తిడిలో ఉన్నా, ఒకసారి చదివి ఆలోచించే వీలు ఆ మూడు రోజుల్లో దొరుకుతుంది. మీరూ ఇదే అంకెతో మొదలుపెట్టండి. ఎక్కువమంది ఉద్యోగాలు చేసుకుంటూ వారాంతాల్లో మాత్రమే వచ్చే సముదాయమైతే వారం రోజులు ఇవ్వండి.

నేరుగా మాట్లాడుకోవాల్సిన సందర్భాలు ఎలాగూ ఉంటాయి. అప్పుడు సమయాన్ని వంతులు తిప్పండి. ఈ నెల ఆసియావాళ్లకు రాత్రి అయితే వచ్చే నెల ఐరోపావాళ్లకు తెల్లవారుజాము, ఆపై నెల అమెరికా ఖండాలవాళ్లకు అర్ధరాత్రి. స్థాపకులు కూడా ఏడాదికి కొన్నిసార్లు నిద్ర చెడగొట్టుకుంటే దూరంలో ఉన్నవాళ్లకు వచ్చే నమ్మకం ఏ ప్రకటనతోనూ రాదు. ఎజెండా నాలుగు రోజుల ముందే పంపండి, రాలేనివాళ్లు తమ మాట రాసి పంపేలా చూడండి, ఆ రాతను మీటింగులో మొదట చదవండి. మీటింగు ముగిసిన రోజే సారాంశం పెట్టండి. రికార్డింగు పెట్టేశాం కదా అని ఊరుకోవద్దు, గంటన్నర వీడియో చూసే తీరిక ఎవరికీ ఉండదు.

సమయం రాసేటప్పుడు ఎప్పుడూ యూటీసీతో, అంటే ప్రపంచమంతా ప్రమాణంగా తీసుకునే సమయంతో, కలిపి రాయండి. అమెరికాలో గడియారాలు మార్చి రెండో ఆదివారం ముందుకు జరుగుతాయి, ఐరోపాలో మార్చి చివరి ఆదివారం. మధ్యలో రెండు మూడు వారాలపాటు న్యూయార్క్, లండన్‌ల మధ్య తేడా అయిదు గంటలకు బదులు నాలుగే ఉంటుంది. ప్రపంచంలో చాలా దేశాలు గడియారం అసలు మార్చవు. నేపాల్ యూటీసీకి 5 గంటల 45 నిమిషాలు ముందుంటుంది. ఇంకా, 03/04 అని రాస్తే కొందరికి ఏప్రిల్ మూడు, కొందరికి మార్చి నాలుగు. నెల పేరు అక్షరాల్లో రాయండి, లేదా ఏడాది, నెల, రోజు అనే వరుస పాటించండి. ఇవి చిన్నవిగా కనబడతాయి. కానీ రెండుసార్లు తప్పు సమయానికి వచ్చి ఖాళీ గదిని చూసిన మనిషి మూడోసారి రాడు.

## నాలుగో అడుగు: భాష

అంతర్జాతీయ సముదాయాల్లో ఎక్కువగా ఇంగ్లిషే పని భాష అవుతుంది. అది తప్పకపోవచ్చు. కానీ పుట్టుకతో ఆ భాష మాట్లాడేవాళ్లకు అది ఉచితంగా దొరికిన బలం, మిగతావాళ్లకు రోజువారీ శ్రమ. ఒక పేరా రాయడానికి అయిదు నిమిషాలు పట్టే మనిషీ, నలభై నిమిషాలు పట్టే మనిషీ ఒకే చర్చలో ఉంటే, మొదటివాళ్ల ఆలోచన మంచిదైనా కాకపోయినా గెలుస్తుంది. ఎందుకంటే రెండోవాళ్లు జవాబు పూర్తి చేసేలోపు చర్చ ముందుకు పోయి ఉంటుంది. ఇది చాలా సముదాయాల్లో ఎవరూ గమనించకుండా జరిగిపోయే అన్యాయం.

తగ్గించే మార్గాలున్నాయి. పొట్టి వాక్యాలు రాయమని, జాతీయాలు, సినిమా మాటలు, పొడి అక్షరాలు వదిలేయమని భాష బాగా వచ్చినవాళ్లనే అడగండి. మారాల్సింది ముందు వాళ్లే. చర్చలో మొదటి రోజు ఎవరూ తుది మాట చెప్పకుండా ఆగండి. మీటింగులో మాట అడిగాక పది సెకన్లు నిశ్శబ్దంగా ఉండండి, పక్కన రాతలో కూడా జవాబివ్వనివ్వండి. మౌనాన్ని అంగీకారంగా లెక్కపెట్టకండి. పెద్దవాళ్ల ముందు బహిరంగంగా కాదనడం అమర్యాదగా భావించే సమాజాలు చాలా ఉన్నాయి. అలాంటి చోట్లనుంచి వచ్చినవాళ్ల అసలు అభిప్రాయం విడిగా, రాతలో అడిగితేనే బయటికొస్తుంది.

ఎవరికైనా తమ భాషలో ప్రశ్న అడిగే చోటు ఉండాలి. వికీపీడియా 2001 జనవరిలో ఇంగ్లిషులో మొదలైంది. ఆ మార్చిలోనే జర్మన్, కాటలాన్ భాషల్లో వచ్చింది. ఇప్పుడు 300కు పైగా భాషల్లో ఉంది. అందులో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఒకటుంది: ఒక్కో భాషా సముదాయం ఇంగ్లిషు వ్యాసాల అనువాద శాఖగా మిగిలిపోకుండా, ఏ వ్యాసాలు రాయాలో, ఏ నియమాలు పెట్టుకోవాలో తానే నిర్ణయించుకుంటుంది.

అనువాదం రెండు వైపులా సాగాలి. కేంద్రం ప్రకటనలు అన్ని భాషల్లోకీ వెళ్లడంతోనే చాలా సముదాయాలు ఆగిపోతాయి. స్థానిక భాషల్లో జరిగిన చర్చలు, ఫిర్యాదులు, కనుక్కున్న పద్ధతులు కేంద్రానికి చేరవు. ప్రతి నెలా ఒక చిన్న భాషా బృందం చర్చను పని భాషలోకి తెచ్చి అందరికీ పంపండి. అనువాదకుల పేర్లు కోడ్ రాసినవాళ్ల పేర్ల పక్కనే, అదే వరుసలో వేయండి. యంత్రానువాదం చదివి అర్థం చేసుకోవడానికి పనికొస్తుంది. నియమాలు, ఆరోగ్యం, డబ్బు, శిక్షలకు సంబంధించినవి మాత్రం మనిషి చదివి సరిచూడకుండా బయటికి వెళ్లకూడదు.

ఎవరి సొత్తూ కాని భాషలో కలుద్దాం అనుకున్నవాళ్లు కూడా ఉన్నారు. 1887లో జామెన్‌హాఫ్ ప్రచురించిన ఎస్పెరాంటో అనే కృత్రిమ భాష ఆ ఆలోచనే. 1905లో ఫ్రాన్స్‌లోని బులోన్ సుర్ మేర్‌లో మొదటి ప్రపంచ సమావేశం జరిగింది, ఆ భాష మాట్లాడేవాళ్ల సముదాయం ఈనాటికీ జీవించి ఉంది. అక్కడ భాష నేర్చుకునే శ్రమ అందరిదీ. మీ సముదాయం కోసం అంత శ్రమ పడమని అడగలేకపోవచ్చు గానీ, ఆ న్యాయబుద్ధి మాత్రం అరువు తెచ్చుకోదగినది.

## అయిదో అడుగు: నిర్ణయాలు ఎవరివి, ఎలా

యాభైమంది దాటే లోపే రెండు కాగితాలు రాసుకోండి. మొదటిది మనం దేనికోసం ఉన్నాం, ఏది ఎన్నటికీ చేయం అని చెప్పేది. రెండోది నిర్ణయాలు ఎలా తీసుకుంటాం, వాటిని ఎలా మారుస్తాం అని చెప్పేది. డెబియన్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ప్రాజెక్టు 1997లో సామాజిక ఒప్పందం, 1998లో రాజ్యాంగం రాసుకుంది. నాయకుడిని ఏటా ఎన్నుకుంటుంది. అనేక దేశాల్లో చెదిరి ఉన్న స్వచ్ఛంద కార్యకర్తలు ఇంతకాలం కలిసి ఉండడంలో ఆ రెండు పత్రాల పాత్ర పెద్దది.

అన్నిటికీ ఓటు మంచి మందు కాదు. సభ్యులెక్కువున్న దేశం ప్రతిసారీ గెలుస్తుంది. ఇంటర్నెట్ ప్రమాణాలు తయారుచేసే ఐఈటీఎఫ్‌లో చేతులెత్తి లెక్కపెట్టడానికి బదులు నోరు మూసుకునే మ్‌మ్ అని హమ్ చేయించి గదిలో మొగ్గు ఎటుందో తెలుసుకునే ఆచారం ఉంది. ఆ తర్వాత కాదన్నవాళ్ల అభ్యంతరానికి సాంకేతికంగా జవాబు దొరికిందా అని చూస్తారు. జవాబు దొరకని అభ్యంతరం ఒక్కరిదే అయినా బరువున్నదే. జవాబు దొరికాక కూడా కొందరికి నచ్చకపోవచ్చు, పని మాత్రం ముందుకు సాగుతుంది. దేశాల మధ్య సముదాయాలకు ఈ పద్ధతే సరైనదని నా గట్టి నమ్మకం. ఓటును మనుషుల ఎంపికకు, నియమాల సవరణకు దాచుకోండి.

పీఠం దగ్గర కూర్చునేవాళ్లలో వైవిధ్యాన్ని ఆశకు వదలకుండా నియమంగా పెట్టాలి. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష సృష్టికర్త గైడో వాన్ రోసమ్ 2018 జులైలో తుది నిర్ణేత పాత్రనుంచి తప్పుకున్నప్పుడు, ఆ సముదాయం చర్చించుకుని అయిదుగురి మండలిని ఎన్నుకుంది. ఒకే సంస్థ ఉద్యోగులు అందులో ఇద్దరికి మించకూడదన్నది నియమం. మీరు దీన్నే దేశానికి కూడా వర్తింపజేసుకోవచ్చు.

స్థానిక బృందాలకు ఎంత స్వేచ్ఛ? తాగుడు మానాలనుకునేవాళ్ల కోసం 1935లో పుట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్ సంప్రదాయాల్లో ఒకటి ఈ గీతను చక్కగా గీసింది: మిగతా బృందాలనో మొత్తం సంస్థనో తాకే విషయాల్లో తప్ప ప్రతి బృందానికీ పూర్తి స్వయంప్రతిపత్తి. కేంద్రం ఆజ్ఞలు లేకుండానే అది ఎన్నో దేశాలకు విస్తరించింది. అయితే స్వేచ్ఛతోపాటు బయటి అప్పీలు దారి కూడా తెరిచి ఉంచాలి. క్రొయేషియన్ వికీపీడియాలో కొద్దిమంది నిర్వాహకుల గుంపు దాదాపు పదేళ్లు పెత్తనం చేసి, చరిత్రను జాతీయవాద కోణంలో వంచింది, అడిగినవాళ్లను బయటికి పంపింది. వికీపీడియాను నడిపే వికీమీడియా ఫౌండేషన్ 2021లో దాని మీద నివేదిక ప్రచురించింది. ఆ భాష రాని కేంద్రానికి లోపల ఏం జరుగుతోందో అర్థం కాకపోవడం సహజం. అందుకే ప్రతి శాఖలోనూ అన్యాయం జరిగిందనుకునే సభ్యుడు తన భాషలోనే బయటివాళ్లకు చెప్పుకునే వీలు మొదటినుంచీ ఉండాలి. వినేవాళ్లలో ఆ భాష వచ్చి, ఆ శాఖకు చెందని మనిషి ఒకరైనా ఉండాలి.

## ఆరో అడుగు: డబ్బు, ఆస్తి, చట్టం

డొమైన్ పేరు, సర్వర్ తాళాలు, సభ్యుల జాబితా, బ్యాంకు ఖాతా ఒక మనిషి పేరున ఉన్నంతకాలం సముదాయం ఆ మనిషిదే. 2021 మేలో ఫ్రీనోడ్ అనే చాట్ నెట్‌వర్క్ మీద అధికారం ఎవరిదన్న వివాదం ముదిరి, దాన్ని నడిపే స్వచ్ఛంద సిబ్బందిలో ఎక్కువమంది ఒకేసారి రాజీనామా చేశారు. లిబెరా చాట్ అనే కొత్త నెట్‌వర్క్ పెట్టుకున్నారు. ఫ్రీనోడ్ మీద ఆధారపడిన ఎన్నో ప్రాజెక్టులు ఇల్లు మారాల్సి వచ్చింది. 2002లో ప్రకటనలు వస్తాయన్న భయంతో స్పానిష్ వికీపీడియానుంచి చాలామంది విడిపోయి వేరే విజ్ఞాన సర్వస్వం మొదలుపెట్టారు. మరుసటి ఏడు లాభాపేక్ష లేని ఫౌండేషన్ ఏర్పడింది, వికీపీడియాలో వ్యాపార ప్రకటనలు ఇప్పటికీ లేవు. ఉచితంగా శ్రమ ఇచ్చినవాళ్లు ఆ శ్రమ ఎవరి లాభానికి పోతుందో తెలుసుకోవాలనుకుంటారు. దాన్ని మొదటి రోజే రాతలో చెప్పండి.

సొంత సంస్థ నమోదు చేయించడం తొందరపడి చేయాల్సిన పని కాదు. ఇతర ప్రాజెక్టుల డబ్బు, ఆస్తులు చూసిపెట్టే సంస్థలున్నాయి. సాఫ్ట్‌వేర్ ఇన్ ద పబ్లిక్ ఇంటరెస్ట్ 1997నుంచి డెబియన్ లాంటి వాటికి ఆ సేవ చేస్తోంది. అలాంటి నీడలో రెండు మూడేళ్లు గడిపి, అవసరమైతే విడిగా నమోదు చేసుకోవచ్చు. వచ్చిన ప్రతి విరాళం, పెట్టిన ప్రతి ఖర్చు మూడు నెలలకోసారి ప్రచురించండి. సభ్యత్వ రుసుము పెడితే దేశాల ఆదాయాన్నిబట్టి అంచెలు పెట్టండి. పని చేసి రుసుముకు బదులు చూపించుకునే దారి కూడా ఉంచండి.

చట్టాల్లో రెండు విషయాలు తొందరగా ఎదురవుతాయి. ఐరోపా సమాఖ్యలో 2018 మే 25నుంచి అమలవుతున్న జీడీపీఆర్ అనే వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, అక్కడివాళ్లకు సేవలందించే బయటి సంస్థలకు కూడా వర్తిస్తుంది. సమాచారం లీకైతే 72 గంటల్లో నియంత్రణ సంస్థకు తెలియజేయాలి. తేలికైన రక్షణ ఏమిటంటే అవసరం లేనిది సేకరించకపోవడం. పుట్టినతేదీ, ఫోను నంబరు, అసలు పేరు నిజంగా కావాలా అని ప్రతి గడి దగ్గరా అడగండి. రెండోది ఆంక్షలు. 2019లో అమెరికా ఆంక్షల కారణంగా, ప్రోగ్రాముల కోడ్ పంచుకునే వెబ్‌సైటు గిట్‌హబ్ ఇరాన్, సిరియా, క్రిమియాల్లోని వాడుకదారుల ఖాతాల మీద పరిమితులు పెట్టింది. 2024 అక్టోబరులో రష్యాతో సంబంధమున్న కొందరు లినక్స్ నిర్వహణ బాధ్యులను జాబితానుంచి తొలగించారు. ఇలాంటివి సభ్యుల తప్పువల్ల జరిగేవి కావు. పని మొత్తానికి అద్దం ప్రతులు, అంటే అచ్చంగా అలాగే ఉండే నకళ్లు, కనీసం రెండు దేశాల్లో ఉంచుకోండి. ఒక కంపెనీ సేవ మూతపడితే ఎక్కడ కలుసుకోవాలో అందరికీ ముందే తెలిసి ఉండాలి.

## ఏడో అడుగు: భద్రత

ఒక దేశంలో మామూలు మాట ఇంకో దేశంలో జైలుకు పంపొచ్చు. మారుపేరుతో పనిచేసే హక్కు ప్రతి సభ్యుడికీ ఉండాలి, కారణం అడగకూడదు. ఒప్పుకోనివాళ్ల ఫొటోలు, ఊరు, ఉద్యోగం బయటపెట్టకూడదు. సమావేశాల్లో ఫొటో వద్దనుకునేవాళ్లకు వేరే రంగు మెడపట్టీ ఇవ్వడం చాలాచోట్ల అలవాటైంది, పనిచేస్తుంది కూడా. సాహసం చేయమని సుఖంగా ఉన్న దేశంలో కూర్చుని ఎవరినీ ప్రోత్సహించవద్దు. ప్రమాదం ఎంతో నిర్ణయించాల్సింది ఆ ప్రమాదంలో ఉన్నవాళ్లే.

ప్రవర్తన నియమావళి పొట్టిగా ఉండనివ్వండి. ఏం చేయకూడదో, ఎవరికి చెప్పాలో, ఎన్ని రోజుల్లో జవాబొస్తుందో అందులో ఉంటే చాలు. ఫిర్యాదులు తీసుకునే ఇద్దరు వేర్వేరు దేశాలవాళ్లై ఉండాలి. ఒకరి మీదే ఫిర్యాదు వస్తే రెండోవాళ్లు చూస్తారు.

సభ్యుల దేశాల మధ్య యుద్ధం వస్తే? దీని మీద నిర్ణయం ప్రశాంతంగా ఉన్నప్పుడే తీసుకోండి. సముదాయం తన పనికి నేరుగా సంబంధించిన వాటిమీదే ప్రకటనలు చేస్తుంది, సభ్యులు తమ సొంత పేరుతో ఏమైనా అనొచ్చు, ఒక దేశంలో పుట్టిన కారణంగా ఎవరినీ నిందించనివ్వం, ఈ మూడూ రాసి పెట్టుకోండి. 1957లో అణ్వాయుధాల ముప్పు మీద కెనడాలోని పగ్‌వాష్ అనే చిన్న ఊళ్లో 22 మంది కలిసినప్పుడు అందులో అమెరికా శాస్త్రవేత్తలూ, సోవియట్ శాస్త్రవేత్తలూ ఉన్నారు. వాళ్లు తమ ప్రభుత్వాల ప్రతినిధులుగా రాలేదు, వ్యక్తులుగా వచ్చారు. ఆ ఏర్పాటే మాటలు సాగనిచ్చింది.

## ఎనిమిదో అడుగు: ముఖాముఖి

తెరమీద ఏళ్ల తరబడి సాగిన గొడవ ఒక సాయంత్రం పక్కపక్కన కూర్చుంటే కరిగిపోవచ్చు. అందుకే కలుసుకోవడం అవసరం. కానీ వేదిక ఎంచుకునేటప్పుడు విమానం టికెట్టు ధరకన్నా ముందు వీసా చూడాలి. మీ చురుకైన సభ్యుల పాస్‌పోర్టుల జాబితా వేసి, అందులో ఎక్కువమంది ఏ దేశంలోకి సులువుగా రాగలరో చూడండి. అది సంపన్న దేశం కాకపోవచ్చు. ఆహ్వాన పత్రాలు ఆరు నెలల ముందే పంపండి, వీసా అధికారి అడిగితే జవాబిచ్చే మనిషి పేరు అందులో ఉండాలి. వేదికను ఖండాలు తిప్పండి.

ప్రయాణ సాయం ముందుగానే ఇవ్వండి. ముందు మీరు పెట్టుకోండి, తర్వాత బిల్లులు చూపిస్తే ఇస్తాం అంటే, చేతిలో డబ్బున్నవాళ్లు మాత్రమే వస్తారు. టికెట్టు సముదాయమే కొనాలి, వీసా తిరస్కరణకు గురైతే ఆ నష్టం సముదాయమే మోయాలి. రాలేకపోయినవాళ్ల కోసం గదిలో ఒక మనిషిని కేటాయించండి. తెర అవతలివాళ్ల ప్రశ్నలు చదివి, వాళ్ల తరఫున చేయెత్తి, వాళ్లకు వంతు ఇప్పించడమే ఆ మనిషి పని. సమావేశంలో తుది నిర్ణయాలు ఏవీ ప్రకటించకండి. అక్కడ తేలినవి రాతలోకి తెచ్చి, మామూలు గడువు ఇవ్వండి.

## తొమ్మిదో అడుగు: చూసుకోవడం, అప్పగించడం

మొత్తం సభ్యుల సంఖ్య పెద్దగా ఏమీ చెప్పదు. నేనైతే మూడు చూస్తాను. కొత్తగా వచ్చిన మనిషి మొదటి ప్రశ్నకు జవాబు రావడానికి ఎంతసేపు పడుతోంది? ఒకసారి పని చేసినవాళ్లలో రెండోసారి ఎంతమంది చేస్తున్నారు? గత ఆరు నెలల్లో ఆమోదం పొందిన ప్రతిపాదనల్లో స్థాపకుల దేశానికి బయటినుంచి వచ్చినవి ఎన్ని? మూడోది పెరగకపోతే మిగతా రెండూ బాగున్నా ఎక్కడో తలుపు మూసి ఉందని అర్థం. వదిలి వెళ్లినవాళ్లను కూడా అడగండి. ఎందుకు వెళ్లారో మర్యాదగా, వాళ్ల భాషలో అడిగితే చాలామంది చెబుతారు.

ప్రతి బాధ్యతకూ దూరపు సమయ మండలాలవాళ్లను ఇద్దరిని జతగా పెట్టండి. ఒకరు నిద్రపోతే ఇంకొకరు మేలుకుని ఉంటారు, ఒకరు మానేస్తే పని ఆగదు. పదవీకాలం రెండేళ్లు, వరుసగా రెండుసార్లకు మించకుండా. దిగిపోయినవాళ్లకు గౌరవంగా చేయడానికి వేరే పని ఉండాలి, లేకపోతే దిగరు.

స్థాపకులు ఏడాదికోసారి ఒక నెల పూర్తిగా తప్పుకోవాలి. పాస్‌వర్డులు, అధికారాలు అన్నీ జతవాళ్లకు అప్పగించి, ఆ నెల సందేశాలకు జవాబివ్వకూడదు. తిరిగి వచ్చాక ఆ నెలలో ఏయే పనులు ఆగాయో జాబితా రాసి, ఒక్కోదాని పక్కన దాన్ని నేర్పాల్సిన ఇద్దరి పేర్లు రాయండి. ఆ ఇద్దరూ వేర్వేరు దేశాలవాళ్లై ఉండాలి. నేర్పడం పూర్తయిన పనిని మళ్లీ మీ చేతుల్లోకి తీసుకోకండి.